గో అహెడ్ అన్నారు, నాన్న వెళ్ళలేదు

ఎవరైనా మంచినీళ్ళిస్తే తాగేముందు గ్లాసులోకి ఒకసారి తొంగిచూస్తానని మా అమ్మ నన్ను ఎగతాళి చేస్తుంది. చూస్తాను. సినిమావాళ్ళ మధ్య పెరిగిన మనిషిని, చూడకపోతేనే ఆశ్చర్యపడాలి. పోయిన నెల జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా ఆఫీసువాళ్ళు కబురు చేస్తే వెళ్ళి, అక్కడా అదే పని చేశాను. బోర్డు మీద పేరు కొత్తది కాబట్టే వెళ్ళాను. గుమ్మంలో ఒకమ్మాయి నవ్వుతూ నా ఫోన్ అడిగి తీసుకుని ట్రేలో పెట్టింది. లోపల గాజు గోడలు, ఎక్కడా ఒక్క కాగితం ముక్క లేని పెద్ద బల్ల, దాని వెనక ముప్ఫై దాటని ఒక కుర్రాడు. పేరు తేజస్ అన్నాడు. సుబ్బరామయ్య గారి మనవణ్ణండీ అన్నాడు. ఆ పేరు వినగానే నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"మా తాతగారు మంచంలో ఉన్నప్పుడు కూడా మీ నాన్నగారి కథ గురించే మాట్లాడేవారండీ. తాళాలు బాగుచేసేవాడి కథ. ఫస్టాఫ్ నాకు కంఠతా వచ్చు. సెకండాఫ్ మాత్రం తాతగారికి కూడా తెలీదు. మీ దగ్గర ఉంటుందేమోనని పిలిపించాను," అన్నాడు. తర్వాత రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, వినడానికి సర్దుకు కూర్చుని, "గో అహెడ్ అండీ," అన్నాడు.

నాకు తలనొప్పిగా ఉందని, వచ్చే వారం వస్తానని చెప్పి లేచాను. ట్రేలోంచి ఫోన్ తీసుకుని, అది నాదేనా కాదా అని వెనకా ముందూ తిప్పి చూసుకున్నాను. ఆటోలో ఫిల్మ్‌నగర్ దిగువకి వస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. మా నాన్న జీవితమంతా ఏ ఇంటివాళ్ళకి భయపడి ఆ కథ నోట్లోనే దాచుకున్నాడో, ఆ ఇంటివాళ్ళే మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి అడుగుతున్నారు. దొంగతనం కూడా చదువుకుంది అనుకున్నాను.

సినిమా మద్రాసు నుంచి కొద్దికొద్దిగా హైదరాబాదుకి తరలివస్తున్న రోజుల్లో దాని వెనకే మేమూ తెనాలి వైపు నుంచి వచ్చాం. రహమత్ నగర్‌లో యాదమ్మ అనే ఆవిడ ఇంట్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. వాన పడితే వంటింటి చూరు కారేది. కిరసనాయిలు స్టవ్ వాసన, దాని మీద మరిగే డికాషన్ వాసన, ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో తెల్లవారినట్టు. నాన్నకి ఉన్నవి రెండే రెండు తెల్ల చొక్కాలు. వాటిలో ఒకటి ఎప్పుడూ అమ్మ చేతిలో ఉండేది. కాలరు మీద నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ చేసి, విప్పి చూసి, మళ్ళీ చేసేది. ఆ చొక్కా వేసుకుని, జేబులో వక్కపొడి పొట్లం పెట్టుకుని నాన్న జూబ్లీహిల్స్ చడావు ఎక్కేవాడు. అప్పట్లో అది నిజంగా కొండే. సీతాఫలం పొదల మధ్య ఏనుగుల్లాంటి బండరాళ్ళుండేవి. వాటిని ఇళ్ళకోసం పేల్చేస్తుంటే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి.

నాన్న సినిమా కథలు రాసేవాడు. రాసేవాడు అనడం కన్నా చెప్పేవాడు అనాలి. ఆ పనిలో కథ కాగితం మీద కాదు, నోట్లో ఉంటుంది. నిర్మాత ముందు కూర్చుని, అవసరమైన చోట లేచి, నడిచి, గొంతు మార్చి, హీరోయిన్‌లా ఏడ్చి, విలన్‌లా తలుపు తన్ని చెప్పాలి. విన్నవాడు వింటూనే మనసులో లాగేసుకోవచ్చు. సాక్ష్యం ఉండదు. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరికైనా సరే, కథ ఇంటర్వెల్ దాకానే చెప్పేవాడు. అక్కడ ఆగి, వక్కపొడి నోట్లో వేసుకుని, మిగతాది సంతకాలయ్యాక అనేవాడు. ఇంట్లో మాకు చెప్పినా అంతే. కిటికీ రెక్కలు మూయించి, రేడియో పెద్దగా పెట్టించి, ఇంటర్వెల్ దాకా చెప్పి, చాప చుట్టేసేవాడు. గోడలకి చెవులుంటాయో లేదో గానీ అసిస్టెంట్ డైరెక్టర్లకి మాత్రం ఉంటాయని నాన్న నమ్మకం. వీధిలో సోడా బండి ఆగినా, సందులో ఎవరైనా దగ్గినా నేను వెళ్ళి చూసి రావాలి.

ఫస్టాఫ్‌ల పంతులని నాన్నకి పేరు. ఎవరి సినిమా మొదటి సగం చప్పగా ఉన్నా కబురు వచ్చేది. వెళ్ళి, సరిచేసి, ఇంటర్వెల్‌కి ఒక మంచి కుదుపు పెట్టి వచ్చేవాడు. రెండో సగం ఇంకెవరో చేసేవారు. తెర మీద పేరు ఆ ఇంకెవరిదో పడేది. మీరే మొత్తం చెయ్యొచ్చు కదా అని పక్కింటివాళ్ళు అడిగితే, "ఇస్తే ఎగరేసుకుపోతారండీ, అందుకే ఇవ్వను," అనేవాడు. ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు మా నాన్న చాలా తెలివైనవాడని అనిపించేది.

నాన్నకి ఇంగ్లీషు పెద్దగా రాదు. అయినా నిర్మాతల నోటి నుంచి వచ్చే 'గో' అనే ఒక్క మాట మీద ఆయనంత పట్టు మా ఇంగ్లీషు మాస్టారికి కూడా ఉండేది కాదు. తెలుగు నిర్మాత ఆప్యాయంగా ఉన్నంతసేపూ తెలుగులో ఉంటాడు. భోంచేశారా, పిల్ల ఎలా చదువుతోంది, మీలాంటివాళ్ళు ఉండబట్టే కదండీ మేం ఉన్నాం, అంటాడు. తేల్చాల్సిన చోటికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారుకుంటాడు. అక్కడ దొరికేది గో. దాని పక్కన ఏ చిన్న మాట తగిలించాడన్నదాన్ని బట్టి మా ఇంట్లో ఆ పూట కూర మారేది. ఒకసారి గో త్రూ అవుతాను అన్నాడంటే తను చూడడు, మేనల్లుడికి అప్పగిస్తాడు. గో స్లో అన్నాడంటే హీరో ఇంకెవరికో మాటిచ్చేశాడు. మళ్ళీ గో బ్యాక్ అయి మొదటి సీను నుంచి చూద్దాం అన్నాడంటే ఏ సీనూ నచ్చలేదు. కథ నలుగురిలో గో అరౌండ్ కానీండి అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆ నలుగురిలో ఒకడు ఈపాటికి షూటింగ్ మొదలుపెట్టి ఉంటాడని నాన్న లెక్క. వింటూ వింటూ గో ఆన్, గో ఆన్ అని ఉత్సాహపడితే వాడి జేబులో టేపు రికార్డరు తిరుగుతోందన్నమాట. అన్నిటికన్నా చెడ్డది గో అహెడ్. చేతులు దులుపుకోవడానికి అంతకన్నా మర్యాదైన మాట లేదని, అది నమ్మి నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే ఎవడూ ఉండడని నాన్న చెప్పేవాడు.

సాయంత్రం నాన్న చడావు దిగి వచ్చేసరికి అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో ఉండేది. కాళ్ళు కడుక్కునేదాకా ఏమీ అడిగేది కాదు. తర్వాత, "ఇవాళ ఏ గో అన్నారు?" అనేది. నాన్న చెప్పేవాడు. అమ్మ తలూపి, "అయితే వాళ్ళని నమ్మడానికి లేదు," అని కాఫీ తేవడానికి వెళ్ళేది. రోజూ అదే వరస. యాదమ్మ నీళ్ళ పంపు దగ్గర నుంచి ఇదంతా వింటూ ఉండేది. ఒకరోజు ఆగలేక, "గో అంటే పోవుడే గదనయ్యా. పక్కన ఏది పెడితే ఏంది, పొమ్మంటున్నరు నిన్ను," అంది. నాన్న నవ్వలేదు. అమ్మ నవ్వింది గానీ కొంగు అడ్డం పెట్టుకుంది.

యాదమ్మకి సినిమావాళ్ళలో ఎవరితోనూ పరిచయం లేదు కాబట్టి ఆవిడ ముందు మాత్రం నాన్న ధైర్యంగా కథ చెప్పేవాడు. తాళాల సత్యం కథ నేను మొదట విన్నది అలాగే, ఆవిడ అరుగు మీద. ఒక చిన్న టౌను. అందులో తాళాలు బాగుచేసే సత్యం. టౌనులో పెద్దింటి పెద్దాయన ఉన్నట్టుండి పోతాడు. ఆయన గదిలో ఒక ఇనప్పెట్టె. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ ఇంటి పరువంతా, కూతురి పెళ్ళి, కొడుకుల వ్యాపారం, ఊళ్ళో వాళ్ళకున్న మాట, అంతా ఆ పెట్టె మీదే నిలబడి ఉంది. సత్యాన్ని పిలిపిస్తారు. అందరినీ బయటికి పంపి అతను ఒక్కడే గదిలో కూర్చుంటాడు. మధ్యాహ్నం అవుతుంది, పొద్దు వాలుతుంది. చివరికి తాళం తెరుచుకుంటుంది. సత్యం పెట్టె తలుపు లాగి లోపలికి చూస్తాడు. ఏం చూశాడో మనకి కనపడదు, అతని మొహమే కనపడుతుంది. చాలాసేపు చూసి, పెట్టె మూసి, మళ్ళీ తాళం వేసి, బయటికొచ్చి, గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలితో, "తెరుచుకోలేదమ్మా," అంటాడు. ఇంటర్వెల్.

"గా పెట్టెల ఏముండె?" అని యాదమ్మ అడిగింది. నాన్న వక్కపొడి పొట్లం విప్పాడు. "జర చెప్పయ్యా, నాకు నిద్ర పడ్తలేదు. నేనెవరికి చెప్త? గీ గోడకు చెప్పాల్నా?" అని ఆవిడ వారం రోజులు వెంటపడింది. చివరికి కిరాయి ఒక నెల వదిలేస్తానని కూడా అంది. అమ్మ వంక ఆశగా చూశాను. అమ్మ నాన్న వంక చూసి, "ఆయన పద్ధతి ఆయనది వదినా," అని మాట మార్చేసింది.

ఆ కథే నిర్మాత సుబ్బరామయ్య గారి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు నాన్న మామూలు కన్నా ఆలస్యంగా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది, కానీ ఒకే కాలు రెండుసార్లు కడుక్కున్నాడు. ఏ గో అన్నారని అమ్మ అడిగింది. కథ వింటున్నంతసేపూ గో ఆన్ అన్నాడట. ఇంటర్వెల్ దగ్గర ఆగితే లేచొచ్చి భుజం మీద చెయ్యేసి, "పంతులుగారూ, గో అహెడ్. ఈ సినిమా మనం చేస్తున్నాం," అన్నాడట. అమ్మ నోరు విప్పేలోపే నాన్న తనే అందుకుని, "గో అహెడ్ అన్నాడంటేనే తెలియట్లేదూ, మొత్తం లాగడానికి చూస్తున్నాడు," అన్నాడు. "అవును, నమ్మడానికి లేదు," అంది అమ్మ.

మర్నాటి నుంచి కారు రావడం మొదలైంది. రహమత్ నగర్ సందులోకి తెల్ల అంబాసిడర్ రావడమంటే పిల్లలందరం దాని చుట్టూ చేరాల్సిన విషయం. నేను మాత్రం కిటికీ రెక్క సందులోంచి దాన్ని చూసి పళ్ళు కొరుక్కునేదాన్ని. అమ్మ గుమ్మం బయటికి వెళ్ళి, "ఆయనకి జ్వరం బాబూ," అని డ్రైవరుకి చెప్పేది. నాన్న లోపలి గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉండేవాడు. కారు మర్నాడు మళ్ళీ వచ్చేది. ఒకసారి అందులో పళ్ళ బుట్ట కూడా వచ్చింది. బత్తాయిలు. మందు పెట్టి ఉంటారేమోనని నేను ముట్టుకోలేదు. అమ్మ వాటిని యాదమ్మకి ఇచ్చేసింది. ఆవిడ తిని హాయిగా ఉంది. కొన్నాళ్ళకి కారు రావడం మానేసింది. చూశారా, దొంగ అలిసిపోయాడు అని నాన్న అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ అనుమానమే నాకు ఆస్తిగా వచ్చింది. నేనూ రచయిత్రినయ్యాను. టీవీ సీరియళ్ళు రాశాను, కథలు రాశాను. ఏ ఛానెల్‌కీ పూర్తి కథ ముందు చెప్పలేదు. గో అహెడ్ మేడమ్ అని ఎవరన్నా అంటే ఆ పని అక్కడితో వదిలేశాను. అందులో సగం మంది నిజంగానే మోసగాళ్ళని తర్వాత విన్నాను, మిగతా సగం సంగతి నాకు తెలియదు, తెలుసుకునేదాకా ఆగలేదు. నాతో కలిసి రాద్దామని ఇష్టంగా వచ్చిన ఒక స్నేహితురాలిని, నా పక్కన కూర్చుని ఏదో రాసుకుంటోందని అనుమానించి పంపేశాను. అది కూరగాయల చీటీ అని తర్వాత తెలిసింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పోయే ముందు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ పెట్టెలో ఏముందో తనతోనే తీసుకుపోయాడని, కనీసం ఆ ఒక్కటీ దొంగల చేతిలో పడలేదని గర్వంగా చెప్పుకుంటూ బతికాను.

జూబ్లీహిల్స్ నుంచి వచ్చిన రోజు అమ్మ హాల్లో పేపరు పరుచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎనభై దాటింది, వేళ్ళు మాత్రం ఇంకా చురుగ్గానే ఉన్నాయి. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను. సుబ్బరామయ్య మనవడు పిలిచాడని, ఇన్నాళ్ళకి మళ్ళీ తయారయ్యారని, వాళ్ళ ఎత్తు నాకు తెలుసని చెప్పుకుపోయాను. అమ్మ ఈనెలు తీస్తూనే ఉంది.

"ఒక్కటి చెప్పమ్మా. నీకైనా చెప్పాడా నాన్న, సత్యం ఆ పెట్టెలో ఏం చూశాడో?"

"ఆయనకే తెలియదు, నాకేం చెప్తారు," అంది అమ్మ, కాయ మీంచి చూపు తిప్పకుండా.

నాకు అర్థం కాలేదు. అమ్మ ఇంకో కాయ తీసుకుంది. "ఆయనకి రెండో సగం ఎప్పుడూ రాలేదే. ఏ కథకీ రాలేదు. ఇంటర్వెల్ దాకా గుర్రంలా వెళ్ళేవారు, అక్కడ ఆగిపోయేవారు. పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది నాకు. స్నానానికి నీళ్ళు తోడి పిలుద్దామని వెళ్తే గోడకేసి తిరిగి కూర్చుని ఏడుస్తున్నారు. తర్వాతేమవుతుందో తెలియట్లేదోయ్ అన్నారు. ఇంక నేనేమీ అడగలేదు."

"మరి దొంగలూ, టేపు రికార్డర్లూ..."

"దొంగల భయం అంటే నలుగురూ ఒప్పుకుంటారు. రావట్లేదంటే ఎవరొప్పుకుంటారు? మొదట్లో ఊరికే అనేవారు. తర్వాత్తర్వాత ఆయనే నమ్మేశారు. నేనూ ఔనంటూ వచ్చాను. ఇవాళ ఏ గో అన్నారు అని నేను అడక్కపోతే ఆయనకి ఇంట్లోకి రావడానికి మొహం ఉండేది కాదు."

"జ్వరం అని కారు వెనక్కి పంపింది..."

"నేనే. లోపల్నుంచి ఆయన చెప్పమనలేదు."

నాకు కోపం వచ్చింది. చేతిలో చిక్కుడుకాయ విరిగింది. ఇన్నేళ్ళు ఎదురుగా నవ్విన ప్రతి మనిషినీ దొంగలా చూశాను, మంచినీళ్ళు కూడా నమ్మకుండా బతికాను, ఒక్కసారైనా నాకు చెప్పొచ్చు కదా అని అడిగాను. అమ్మ మొదటిసారి తలెత్తి నన్ను నిదానంగా చూసింది.

"నువ్వు అందుకలా ఉన్నావని నాకేం తెలుసు? జాగ్రత్తపరురాలివి, ఎవరి చేతుల్లోనూ మోసపోవు అని సంతోషించాను," అంది. మళ్ళీ కాయల మీదికి వంగి, "చెప్తే ఆయన్ని తక్కువగా చూస్తావేమోనని కూడా అనుకున్నాను," అంది. ఆ మాటకి నా కోపం పోలేదు గానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. ఇద్దరం కలిసి మిగిలిన కాయలన్నీ తీశాం.

ఆ వారమంతా నాకు రెండు దారులే కనిపించాయి. తేజస్‌కి ఏదో ఒక రెండో సగం అల్లి, నాన్నదేనని చెప్పడం ఒకటి. అప్పుడు నాన్న పేరు నిలబడుతుంది, దొంగ నేనవుతాను. లేదా సెకండాఫ్ పోయింది, దొరకట్లేదని చెప్పి ఊరుకోవడం. అప్పుడు పెట్టె మళ్ళీ మూతపడుతుంది. అమ్మ గుమ్మంలో నిలబడి జ్వరం అని చెప్పిన మొహమే నాకు మాటిమాటికీ గుర్తొచ్చింది. ఆ మొహంలో అబద్ధం ఆడుతున్న జాడే ఉండేది కాదు. సత్యంలాగే అమ్మా లోపలున్నదేమిటో కళ్ళారా చూసింది, చూసి మూసింది, బయటికొచ్చి ఒక మాట చెప్పింది. మా ఇల్లు ఆ మాట మీద నిలబడింది. నేను వంటింట్లో పాలు కాస్తూ ఉండగా అది తట్టింది. పాలు పొంగి స్టవ్ మీద పోయినా కదల్లేకపోయాను.

మళ్ళీ జూబ్లీహిల్స్ వెళ్ళాను. బండలున్న చోటల్లా అద్దాల మేడలు. చడావు ఇప్పుడు ఆటోకే తెలుస్తుంది, కాళ్ళకి తెలియదు. ఫోన్ ట్రేలో పెట్టాను. తేజస్ కుర్చీ జరిపాడు, మంచినీళ్ళు పెట్టాడు, గో అహెడ్ అండీ అన్నాడు. పైకప్పులో మెరుస్తున్న చిన్న ఎర్ర దీపం కెమెరాదేమోనని ఒకసారి చూశాను, అలవాటు ఒక్కరోజులో పోదు కదా. తర్వాత నాన్న ఎలా చెప్పేవాడో అలాగే లేచి నిలబడి, టౌను, సత్యం, పెద్దిల్లు, ఇనప్పెట్టె, తెరుచుకోలేదమ్మా అనేదాకా చెప్పి, ఆగాను.

"నాన్నగారు ఇక్కడిదాకానే చేశారు. మిగతాది ఆయన దగ్గర లేదు, ఎప్పుడూ లేదు," అన్నాను. చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు. నాకు మాత్రం నాన్న చొక్కా నలుగురిలో విప్పినట్టు సిగ్గేసింది.

తేజస్ ఆశ్చర్యపోలేదు. "తాతగారు కూడా అదే అనుకునేవారండీ. తర్వాతెప్పుడైనా కుదిరిందేమోనని మిమ్మల్ని అడిగాను," అన్నాడు. "'అందుకే కారు పంపేవాణ్ణి, ఇద్దరం కూర్చుని మిగతాది చేసుకుందామని, ఎన్నిసార్లు పంపినా జ్వరమనేవారు' అని చెప్పేవారు. పళ్ళు కూడా పంపారట."

ఆ బత్తాయిలు, కిటికీ రెక్క సందు, లోపలి గదిలో గోడకి ఆనుకున్న తెల్ల చొక్కా. ఆ రోజు నాన్న ఆ కారెక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. బల్ల మీద గ్లాసు తీసుకుని, అందులోకి చూడకుండా నీళ్ళన్నీ తాగేశాను.

"సెకండాఫ్ నాది. ఆయనది కాదు. వింటారా?" అన్నాను.

"గో ఆన్ అండీ," అన్నాడు.

"సత్యం పెట్టె తెరిచి చూస్తాడు. లోపల ఏమీ లేదు. ఖాళీ," అన్నాను.